మొక్కల్ని వర్ణించే మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కల గురించి రాయడం మొదలుపెట్టినవాళ్ళు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు ఇవి. సగం నేనూ ఒకప్పుడు అడిగినవే. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు ఉంది. కొన్నిటికి మాత్రం కొమ్మ చేతిలో పట్టుకుని చూస్తే తప్ప తేలదు. అంతా చదివే ఓపిక లేకపోతే ఆకు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న, ముళ్ళ ప్రశ్న చదవండి. మిగతావన్నీ వాటి చుట్టూ తిరిగేవే.

ఫోటో తీస్తే సరిపోదా? ఇన్ని మాటలు ఎందుకు?

ఫోటో తీసుకోండి, వద్దనను. కానీ ఫోటోలో ఆకు అడుగున నూగు ఉందో లేదో కనబడదు. కాడ మొదట్లో ఉండే చిన్న చిన్న తోకలు రాలిపోయాయో, అసలు లేవో తెలియదు. అండాశయంలో, అంటే పువ్వులో కాయగా ఎదిగే భాగంలో, ఎన్ని గదులున్నాయో అసలే తెలియదు. ఇక మామూలు మాటల్లో రాద్దామంటే "పొడుగాటి ఆకు" అన్నప్పుడు మీకు మామిడాకు గుర్తొస్తుంది, నాకు గడ్డిపోచ గుర్తొస్తుంది. భల్లాకారం (బల్లెపు మొన ఆకారం) అంటే ఇద్దరికీ ఒకటే గుర్తురావాలి. పరిభాష పని అంతవరకే.

ఈ మాటలకి ఒక క్రమం తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్‌ని. 1751లో ఆయన వర్ణన పదాలకి నిర్వచనాలు రాసి పెట్టాడు, 1753లో వాటితోనే వేల మొక్కల్ని వర్ణించాడు. 1935 జనవరి 1 నుంచి కొత్త మొక్క పేరు చెల్లాలంటే లాటిన్‌లో వర్ణన రాసి తీరాలన్న నియమం ఉండేది. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతోంది.

తెలుగు పుస్తకాల్లో పదాలు చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఎలా గుర్తుంచుకోవాలి?

విడగొట్టి చూడండి. వృంతం అంటే కాడ. పత్రవృంతం ఆకు కాడ, పుష్పవృంతం పువ్వు కాడ. దళం అంటే రేకు. పత్రదళం అంటే ఆకులో పరుచుకుని ఉన్న భాగం. ఇలా ఓ పాతిక ముక్కలు తెలిస్తే రెండొందల పదాలు వాటంతటవే విప్పుకుంటాయి.

అందరూ జారిపడే చోటు ఒకటుంది: పుచ్ఛం, పిచ్ఛం. పుచ్ఛం అంటే తోక. ఆకు కాడ మొదట్లో అటూ ఇటూ ఉండే చిన్న భాగాలు పత్రపుచ్ఛాలు. పిచ్ఛం అంటే ఈక. ఈకలాగా రెండు పక్కలా పత్రకాలు (ఒకే ఆకులోని విడి ముక్కలు) ఉంటే పిచ్ఛాకారం. ఒక్క ఉకారానికీ ఇకారానికీ తేడా వచ్చి జవాబు మొత్తం తారుమారవడం నేను చాలాసార్లు చూశాను.

అన్నీ సంస్కృతం అనుకోకండి. కణుపు, ఈనె, కంకి, ఊడ, టెంక, కొమ్ము: ఇవన్నీ పొలం గట్ల మీద పుట్టిన మాటలు, పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే నిలిచాయి. నన్నడిగితే ఇవే మేలైనవి. పసుపు కొమ్ముని కొమ్ము అని పిలిచినవాళ్ళు అది వేరు కాదని అప్పటికే పసిగట్టారేమో అనిపిస్తుంది.

ఏది ఆకు, ఏది ఆకులో ముక్క? ఎలా తేల్చాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి ఆకుని చూస్తే జవాబు దొరకదు, ఆకు పుట్టిన చోటు చూడాలి.

ఆకు కాండానికి అతికే చోట, పైవైపు మూలలో ఒక మొగ్గ ఉంటుంది. ఆ మూలని గ్రీవం అంటారు, ఆ మొగ్గ గ్రీవపు మొగ్గ. గ్రీవం అంటే మెడ. లాటిన్ వాళ్ళు అదే మూలని చంక అన్నారు, వాళ్ళ మాటే దానికి బాగా నప్పుతుంది. ఏ భాగం మొదట్లో ఈ మొగ్గ కనిపిస్తుందో, అక్కడినుంచి కొస దాకా ఉన్నదంతా ఒకే ఆకు.

ఇప్పుడు ఒక వేప రెమ్మ తీసుకోండి. సన్నటి ఈనె, దానికి రెండు పక్కలా వంకర తిరిగిన రంపపు అంచు ఆకులు. ఒక్కో ఆకు మొదట్లో వేలితో ఒత్తి చూడండి. మొగ్గ ఉండదు. అలా కిందకి వస్తే, ఆ ఈనె కొమ్మకి అతికే చోట గోధుమరంగు బొడిపె ఒకటి చేతికి తగులుతుంది. అదే మొగ్గ. అంటే మనం రెమ్మ అంటున్నది మొత్తం ఒకే ఆకు. దాన్ని సంయుక్త పత్రం అంటారు. మనం ఆకులనుకున్నవి పత్రకాలు, మధ్యలో ఈనె విన్యాసాక్షం. కరివేపాకు రెమ్మ కూడా ఇంతే. మునగలో ఈ చీలిక మామూలుగా మూడు అంచెల దాకా వెళ్తుంది. మనం చిన్న కొమ్మనుకుని విరిచేది ఒక్క ఆకు.

ఇంకో గుర్తు: కొమ్మ కొసన మామూలుగా ఒక మొగ్గ ఉంటుంది, సంయుక్త పత్రం కొసన ఉండదు.

మొదట్లో నేను గుర్తింపు కీ (ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతూ మొక్క పేరు దాకా వెళ్ళే పట్టిక) పట్టుకుని ఒక చెట్టు దగ్గర కూర్చున్నాను. మొదటి ప్రశ్నే సరళ పత్రమా (ముక్కలు కాని ఒకే ఆకా), సంయుక్త పత్రమా అని. వెడల్పాటి నున్నటి ఆకులు ఎదురుగా కనిపిస్తుంటే ఇంకేం చూస్తాను, సరళం అనేశాను. సాయంత్రం దాకా సంబంధం లేని మొక్కల కుటుంబాలన్నీ తిరిగొచ్చాను. చీకటి పడేవేళకి కింద రాలిన ఆకు ఒకటి దొరికింది. ఒకే ఈనెకి ఐదు అతుక్కుని ఉన్నాయి. అది కానుగ.

చీలిన ఆకుకీ సంయుక్త పత్రానికీ తేడా ఏంటి?

ఆముదం ఆకు, బూరుగు ఆకు పక్కపక్కన పెట్టండి. రెండూ చాచిన అరచేయిలాగే ఉంటాయి. ఆముదంలో చీలికలు లోపలి దాకా వెళ్ళినా అడుగున ఆకు కలిసే ఉంటుంది. అది సరళ పత్రం, చీలికల్ని లంబికలు అంటారు. బూరుగులో ఒక్కో వేలూ విడిగా ఊడి వస్తుంది. అది హస్తాకార సంయుక్త పత్రం. బొప్పాయి ఎంత లోతుగా చీలినా సరళ పత్రమే. మారేడు మూడు ముక్కలూ కలిపి ఒకే సంయుక్త పత్రం.

నిమ్మాకు సరళమా, సంయుక్తమా?

సంయుక్తం అనే చాలామంది రాస్తారు. కాడకీ ఆకుకీ మధ్య ఒక కీలు ఉంటుంది, వంచితే అక్కడే విరుగుతుంది. ఒకే ఒక్క పత్రకం మిగిలిన సంయుక్త పత్రంగా దాన్ని లెక్కేస్తారు.

ఆకు ఆకారానికి ఏ పేరు పెట్టాలి?

ముందు ఎక్కువ వెడల్పు ఎక్కడుందో చూడండి. కాడ వైపు వెడల్పుగా ఉండి కొసకి సన్నబడితే అండాకారం. కొస వైపే వెడల్పుంటే విలోమ అండాకారం, జీడిమామిడి ఆకు దీనికి మంచి ఉదాహరణ. పొడవు వెడల్పుకి మూడు రెట్లు దాటి రెండు వైపులా సన్నబడితే భల్లాకారం: మామిడి, గన్నేరు. అంచులు రెండూ సమాంతరంగా సాగితే రేఖాకారం, గడ్డిలాగా. మొదట్లో లోపలికి నొక్కుకుని ఉంటే హృదయాకారం: రావి, తమలపాకు.

తామర, కలువ ఆకులకి తేడా గమనించారా? రెండూ గుండ్రమే. కలువ ఆకుకి ఒక పక్క కాడ దాకా చీలిక ఉంటుంది. తామర ఆకుకి చీలిక ఉండదు, కాడ సరిగ్గా కింద మధ్యలో అతుక్కుని ఉంటుంది, గొడుగు కర్రలాగా. అందుకే దాన్ని ఛత్రాకారం అంటారు.

అంచు, కొస విడిగా రాయాలి. అంచు నున్నగా ఉందా, రంపపు పళ్ళలా కొసవైపు వాలి ఉందా, గుండ్రటి నొక్కులున్నాయా? కొస వాడిగా ఉందా, మొద్దుగా ఉందా, రావి ఆకులా తోకగా సాగిందా?

ఒక్క ఆకు చూసి మాత్రం రాయొద్దు. పనస లేత మొక్కలో చీలిన ఆకులు కనిపిస్తాయి, పెద్ద చెట్టులో అంచు నున్నగా ఉంటుంది. కనీసం పది ఆకులు చూసి "అండాకారం నుంచి దీర్ఘవృత్తాకారం వరకు" అని రాయడం తప్పేమీ కాదు, నిజాయితీ.

ఆకుల అమరిక ఎలా చూడాలి?

కణుపు దగ్గర ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టండి. ఒకటైతే ఏకాంతరం, ఎదురెదురుగా రెండైతే అభిముఖం, మూడూ అంతకన్నా ఎక్కువైతే చక్రీయం. మందారం మొదటిది, జిల్లేడు రెండోది, గన్నేరు మూడోది. జిల్లేడులో ఒక జతకి దాని పై జత అడ్డంగా తిరిగి ఉంటుంది. పైనుంచి చూస్తే శిలువ గుర్తు కనిపిస్తుంది.

ఏకాంతరంలో ఒక చిన్న లెక్క ఉంది. మందారం కొమ్మ మీద ఒక ఆకుకి దారం కట్టి, పైపైకి ఒక్కో ఆకునీ తాకిస్తూ చుట్టుకుంటూ వెళ్ళండి. కాండం చుట్టూ రెండు చుట్లు తిరిగేసరికి ఆరో ఆకు మొదటి ఆకుకి సరిగ్గా పైన వస్తుంది. అంటే ఐదు ఆకులకి రెండు చుట్లు, ఆకుకీ ఆకుకీ మధ్య 144 డిగ్రీలు.

ముల్లు అంటే ముల్లే కదా, దానిలో రకాలేంటి?

తెలుగులో అన్నిటికీ ఒకటే మాట. గుచ్చుకునేటప్పుడు తేడా ఏమీ తెలియదు కూడా. తేడా అంతా పుట్టిన చోటులో ఉంది.

కాగితపు పూల తీగ దగ్గరికి వెళ్ళండి. ముల్లు ఎక్కడుంది? ప్రతిసారీ ఆకు మూలలో, గ్రీవంలో. అక్కడ ఉండాల్సింది మొగ్గ. అంటే కొమ్మగా ఎదగాల్సిన మొగ్గ ముల్లుగా మారింది. దాన్ని విరిస్తే లోపల కట్టె తగులుతుంది. ఇది కాండపు ముల్లు. నిమ్మ ముల్లూ ఇదే రకం.

నాగజెముడులో ముళ్ళు ఆకులు మారగా వచ్చినవి. వీటిని పత్రకంటకాలు అంటారు. ఆకుపచ్చగా పరుచుకున్న అట్ట కాండం. ఆకులు ముళ్ళైపోయాయి కాబట్టి ఆహారం తయారుచేసే పని కాండం నెత్తిన పడింది.

తుమ్మలో ముళ్ళు జతలుగా, ఆకు మొదట్లో అటొకటి ఇటొకటి ఉంటాయి. ఆ చోటు ఎవరిదో గుర్తొచ్చిందా? పత్రపుచ్ఛాలది. రేగులోనూ అంతే. కాకపోతే అక్కడ జతలో ఒకటి తిన్నగా ఉంటే ఇంకోటి కొక్కెంలా వంగి ఉంటుంది. పండు కోస్తే చెయ్యి వెనక్కి రానివ్వనిది ఆ రెండోదే.

ఇక గులాబీ. దాని ముళ్ళకి వరుసా వావీ లేదు, కణుపులతో పని లేకుండా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. బొటనవేలితో పక్కకి నెట్టితే టక్కున ఊడి, కింద నున్నటి మచ్చ మిగులుతుంది. కట్టె లేదు, నాళాలు లేవు. అది పైచర్మం మీద లేచిన బొడిపె. గులాబీకి నిజమైన కాండపు ముళ్ళు లేవని చెబితే చాలామంది నవ్వుతారు. నవ్వనివ్వండి.

దుంపలన్నీ వేర్లేనా?

కావు. బంగాళాదుంప మీద గుంటలు చూడండి. వాటిని కళ్ళు అంటాం, అవి కణుపులు, ప్రతి గుంటలో మొగ్గలుంటాయి. కణుపులున్నాయంటే అది కాండం. చిలగడదుంపకి అలాంటి వరుస కణుపులు లేవు, అది వేరు. అల్లం, పసుపు అడ్డంగా పాకే కాండాలు. వాటి మీద కనిపించే వలయాలు కణుపుల గుర్తులు. ఇలాంటి కాండాన్నే కొమ్ము అంటాం. ఉల్లిలో మాత్రం కాండం అడుగున బిళ్ళంతే, మిగతా పొరలన్నీ ఆకుల అడుగుభాగాలు. దాన్ని లశునం అంటారు. కంద నిలువుగా ఊరిన కాండం.

మర్రి ఊడలు దీనికి తలకిందుల కేసు. గాల్లో వేలాడతాయి, లావెక్కి స్తంభాల్లా నిలబడతాయి, అయినా వేర్లే.

అరటి చెట్టుకి కాండం ఉందా? సరుగుడుకి ఆకులున్నాయా?

రెండిటికీ ఉన్నాయి, మనం చూసేచోట మాత్రం లేవు. అరటిలో కాండంలా కనిపించేది ఆకుల తొడుగులు ఒకదానిలో ఒకటి ఒదిగి ఏర్పడిన మిథ్యాకాండం. అసలు కాండం నేలలో ఉంటుంది. గెల వేసే ముందు దాన్నుంచి ఒక కాడ ఈ తొడుగుల మధ్యలోంచి పైకొస్తుంది, దాన్నే దూట అంటాం.

సరుగుడులో మనం సూదుల్లాంటి ఆకులు అనుకునేవి ఆకుపచ్చ కొమ్మలు. ఒకటి తీసుకుని రెండు చేతులా మెల్లగా లాగండి. కీలు దగ్గర విడిపోతుంది. ఆ కీలు చుట్టూ లెన్స్ పెట్టి చూస్తే చిన్న చిన్న పళ్ళ వరుస కనిపిస్తుంది. అవే ఆకులు.

పువ్వు భాగాల్ని ఏ వరుసలో చెప్పాలి?

బయటినుంచి లోపలికి. మందారం తీసుకుంటే అన్నీ కంటితోనే కనిపిస్తాయి. కింద సన్నటి పచ్చని పోగులు ఓ వరుస ఉంటాయి, అది ఉపరక్షక పత్రావళి, అన్ని పూలకీ ఉండదు. దాని పైన గిన్నెలా రక్షక పత్రావళి. తర్వాత ఐదు ఎర్రటి రేకులు, అదే ఆకర్షణ పత్రావళి. మొగ్గలో ఒక రేకు అంచు పక్క రేకుని కప్పుతూ, అన్నీ ఒకే వైపు మెలితిరిగి ఉంటాయి. మధ్యలో పొడుగాటి గొట్టం. కేసరాల కాడలన్నీ కలిసిపోయి ఆ గొట్టం ఏర్పడింది కాబట్టి ఏకబంధకం అంటారు. పసుపు పొడి ఉన్న బొడిపెలు పరాగకోశాలు. గొట్టాన్ని గోటితో నిలువుగా చీలిస్తే లోపల తెల్లటి దారం, అది కీలం. గొట్టం కొసన బయటికొచ్చిన ఐదు ఎర్రటి గుండ్లు కీలాగ్రాలు. దారం వెంట అడుగుకి వెళ్తే అండాశయం.

ఎటునుంచి నిలువునా కోసినా రెండు సమాన భాగాలొస్తే సౌష్ఠవయుతం. ఒకే గీత మీద కోస్తేనే సమానంగా వస్తే పాక్షిక సౌష్ఠవయుతం. చిక్కుడు, శంఖపుష్పం రెండో రకం.

బంతి పువ్వుకి ఎన్ని రేకులు?

ఒక రేకు పీకి అడుగు చూడండి. సన్నటి పుల్లలాంటిది దానికి అతుక్కుని వస్తుంది. అది అండాశయం. ఎండాక నల్లబడి మనం విత్తనంగా చల్లేది దాన్నే. అంటే మీరు పీకింది రేకు కాదు, ఒక పువ్వు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఇవన్నీ పూల గుంపులు, శీర్షవత్ పుష్పవిన్యాసాలు.

కాగితపు పూలలో మోసం ఇంకో రకం. రంగురంగుల మూడు రేకులు పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వు కింద ఉండే ఆకులు. ఒక్కోదానికి సన్నటి గొట్టంలాంటి పువ్వు అతుక్కుని ఉంటుంది.

మధ్యాభిసారం, నిశ్చితం అంటే ఏంటి?

ఏ పువ్వు ముందు విచ్చుకుంటుందన్నదే ప్రశ్న. ఆవ మొక్కలో కింది పూలు కాయలైపోతున్నా పైన మొగ్గలు వస్తూనే ఉంటాయి, కొస పెరుగుతూనే ఉంటుంది. అది మధ్యాభిసారం, అంటే మధ్య వైపు సాగేది. పేరు ఎందుకొచ్చిందో పొద్దుతిరుగుడులో బాగా తెలుస్తుంది: బయటి వరుసలు ముందు విచ్చుకుని వలయం వలయంగా మధ్యకి నడుస్తాయి. మల్లెలో కొసనున్న పువ్వే ముందు విచ్చుకుని పెరుగుదలకి అడ్డుకట్ట వేస్తుంది, పక్కవి తర్వాత వస్తాయి. అది నిశ్చితం.

అండాశయం పైనుందా కిందుందా అని కోయకుండా చెప్పొచ్చా?

కాయ ఉంటే చెప్పొచ్చు. రక్షక పత్రాల మిగులు ఎక్కడుందో చూడండి. వంకాయకి తొడిమ వైపు పచ్చటి టోపీ ఉంటుంది. అండాశయం వాటికి పైన ఉండేదన్నమాట: ఊర్ధ్వ అండాశయం. జామకాయకి అది తొడిమకి ఎదురు కొసన ఉంటుంది, దానిమ్మ కిరీటమూ అంతే: నిమ్న అండాశయం. దోస, గుమ్మడి ఆడపూలలో అయితే కాయ కూడా అక్కర్లేదు, పువ్వు కింద బుల్లి కాయ ముందే కనిపిస్తుంది.

కాయ, పండు, ఫలం: వృక్షశాస్త్రంలో వీటికి తేడా ఉందా?

కాయ, పండు అనేవి పక్వాన్ని చెప్పే మాటలు. వృక్షశాస్త్రానికి ఆ గోల లేదు. అండాశయం ఎదిగితే వచ్చేది ఫలం. టమాటా, వంకాయ, అరటి మృదుఫలాలు. మామిడి, కొబ్బరి టెంకగల ఫలాలు. మామిడిలో మధ్య పొర రసం, కొబ్బరిలో అదే పొర పీచు, చిప్ప లోపలి పొర. చిక్కుడు రెండు అంచులా పగిలే ద్విదారక ఫలం.

సీతాఫలం ఒకే పువ్వులోని చాలా అండాశయాలు కలిసిన సంకలిత ఫలం. పనస చాలా పూలు కలిసిన సంయుక్త ఫలం, ఒక్కో తొన ఒక్కో పువ్వు నుంచి వచ్చింది. జీడిమామిడిలో రసం ఉన్న పండు పువ్వు కాడ ఊరగా వచ్చింది, దాన్ని అనృత ఫలం అంటారు. అసలు ఫలం కింద వేలాడే గింజ.

తెలియని మొక్క ఎదురైతే ఏ వరుసలో రాయాలి?

ముందు అది చెట్టా, పొదా, తీగా, గుల్మమా (మెత్తటి కాండం ఉన్న చిన్న మొక్కా) అన్నది రాయండి. తర్వాత కాండం: గుండ్రమా, తులసిలా నాలుగు పలకలా? ఆపైన ఆకుల అమరిక, పుచ్ఛాలు, ఆకు, పుష్పవిన్యాసం, పువ్వు, ఫలం, విత్తనం. 10 రెట్లు పెద్దదిగా చూపించే చేతి లెన్స్ ఒకటి, స్కేలు ఒకటి ఉంటే చాలు. కొలతలు తప్పనిసరిగా వెయ్యండి. "పెద్ద ఆకు" కన్నా "12 నుంచి 18 సెంటీమీటర్లు" మేలు.

కొన్ని విషయాలు మాత్రం చెట్టు కిందే రాసుకోవాలి. పువ్వు రంగు ఎండితే మారిపోతుంది, వాసన పోతుంది. ఆకు తెంపగానే జిల్లేడులా పాలు కారాయా అన్నది ఇంటికెళ్ళాక ఎండిన నమూనాని అడిగితే చెప్పదు.